తేనె బీరుకు మార్కులు వేశాం... మన పంటకు మార్కులు వేసేదెవరు?

ఈ శీర్షిక చూసి కొందరు సభ్యులు కోప్పడతారని మాకు తెలుసు. రైతు సంఘం పత్రికలో బీరు సంగతేమిటని అడుగుతారు. మన మహిళా సభ్యులైతే తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకినప్పుడు సారా పాకల ముందు బైఠాయించిన తల్లుల బిడ్డలం మనం. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, అన్నీ చూశాం. తాగుడు వల్ల కౌలు డబ్బులు పోయిన ఇళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే ముందే చెబుతున్నాం. ఎవరినీ తాగమని ఈ వ్యాసం చెప్పదు. ఒక గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ధర గురించి మాకు తెలిసొచ్చిన నాలుగు ముక్కలు ఇక్కడ రాస్తున్నాం. చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే సమావేశంలో తిట్టండి.

మేము ఆ గ్లాసు దాకా ఎలా వెళ్లాం

మొన్న హైదరాబాద్‌లో రైతు సంఘాల సమావేశానికి మన ప్రాంతం నుంచి నలుగురం వెళ్లాం. ఒకరు కోనసీమ కొబ్బరి రైతు, ఒకరు డెల్టా వరి కౌలు రైతు, ఒకరు గీత కార్మికుల తరఫున వచ్చిన పెద్దాయన, ఒకరు మా మహిళా విభాగం అక్కయ్య. మా ఊరి కుర్రాడు ఒకడు ఆహార సాంకేతిక శాస్త్రం చదివి అక్కడ బీరు వండే చోట పనిచేస్తున్నాడు. తెలంగాణలో 2015లో నిబంధనలు వచ్చాక హైదరాబాద్‌లో ఇలాంటి చిన్న బీరు వంటశాలలు పుట్టుకొచ్చాయి. అక్కడే వండి, అక్కడే గ్లాసుల్లో పోసి అమ్ముతారు. "బాబాయ్, ఊరి నుంచి ఇంత దూరం వచ్చి నా పని చూడకుండా వెళ్తారా?" అని వాడు పట్టుబట్టాడు. సమావేశం అయ్యాక సాయంత్రం వెళ్లాం.

వాడు మా ముందు నాలుగు చిన్న గ్లాసులు పెట్టాడు. "ఇది తేనె ఏల్ అండి" అన్నాడు. ఏల్ అంటే బీరులో ఒక రకం. మామూలుగా సీసాల్లో వచ్చే లాగర్ బీరును చల్లటి చోట నెమ్మదిగా పులియబెడతారు. ఏల్‌ను కాస్త వెచ్చగా, త్వరగా పులియబెడతారు. అందువల్ల పళ్ల వాసన లాంటిది దాంట్లో వస్తుంది. దానికి తేనె చేరిస్తే తేనె ఏల్.

అక్కయ్య తాగనని ముందే చెప్పింది. "తాగక్కర్లేదు అత్తా, వాసన చూసి చెప్పండి చాలు. పోటీల్లో వాసనకే పన్నెండు మార్కులు" అన్నాడు కుర్రాడు. మార్కులేమిటని అడిగాం. అప్పుడు లోపలి నుంచి ఒక కాగితం తెచ్చి చూపించాడు.

యాభై మార్కుల కాగితం

ప్రపంచమంతా బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే కాగితమట అది. మొత్తం యాభై మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. ప్రతి గడి పక్కన ఎందుకు అన్ని మార్కులు వేశారో రాయాలి. "బాగుంది", "బాలేదు" అంటే చెల్లదు. ఏ వాసన వచ్చింది, చేదు ముందు తగిలిందా వెనక తగిలిందా, మింగాక నాలుక మీద ఏం మిగిలింది, ఇవన్నీ రాయాలి. తప్పుంటే ఎక్కడ జరిగి ఉంటుందో వండినవాడికి చెప్పాలి.

ఆ పద్ధతి మాకు నచ్చింది. నలుగురం అలాగే చూశాం. నీళ్లతో నోరు పుక్కిలించి, గ్లాసును వెలుతురుకు పట్టి, ముందు వాసన, తర్వాత చిన్న గుక్క. రంగు లేత తేనె రంగు. నురుగు తెల్లగా, మెత్తగా ఉంది. వాసనలో మొదట రొట్టె కాలిన వాసన, దాని వెనక పువ్వుల వాసన. రుచి మాత్రం మేము అనుకున్నట్టు లేదు. కౌలు రైతు మొహం చిట్లించి "చేదుగా ఉందండి. ఇందులో తేనె ఏదండీ?" అన్నాడు.

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు మాకు కొత్తది. తేనెలో దాదాపు ఎనభై పాళ్లు చక్కెరలే. మిగిలింది చాలావరకు నీరు. పులియబెట్టే ఈస్టుకు ఆ చక్కెరలంటే మహా ఇష్టం, దాదాపు అంతా తినేస్తుంది. తీపి పోయి సారం, వాసన మిగులుతాయి. ఆ వాసన కూడా తేనెను ఎప్పుడు కలిపారన్నదాని మీద ఉంటుంది. మరిగేటప్పుడు కలిపితే ఆవిరితో పోతుంది. చల్లారాక, పులిసే దశలో కలిపితే కొంత నిలుస్తుంది. కాబట్టి తేనె బీరు తియ్యగా లేకపోతే అందులో తేనె లేదని కాదు. తియ్యగా ఉన్నంత మాత్రాన తేనె ఉందనీ కాదు. బార్లీని ఒక రకంగా వేయించి తేనె రుచి వచ్చేలా చేసే మాల్టు కూడా బజారులో ఉందట. దానితో చుక్క తేనె లేకుండానే తేనె రుచి తెప్పించవచ్చు.

గీత పెద్దాయన అందరికంటే ఆలస్యంగా గ్లాసు దించాడు. "బాబూ, ఇది పులిసి ఆగిపోయిన సరుకు. మా కల్లు పులుస్తూనే నోట్లోకి వస్తది. పొద్దున్న ఒక రుచి, మధ్యాహ్నం ఒక రుచి. దీనికి ఒకటే రుచి, కానీ శుభ్రంగా ఉంది. కుండ బాగా కడిగావు" అన్నాడు. కుర్రాడు తెల్లబోయాడు. "తాతయ్యా, ఏడాది శిక్షణ తీసుకున్నవాళ్లు చెప్పే మాట ఇది" అన్నాడు. పెద్దాయనకు యాభై ఏళ్ల శిక్షణ ఉంది. దానికి ధ్రువపత్రం ఇచ్చినవాళ్లే లేరు.

అక్కయ్య గ్లాసును ముక్కు దగ్గర చాలాసేపు ఉంచింది. "వాసన బాగానే ఉంది గానీ మన కొబ్బరితోటల్లో పెట్టెల తేనె వాసన కాదు. కొండ తేనె వాసన అసలే కాదు. ఎక్కడిది నాయనా?" అని అడిగింది. కుర్రాడికి తెలియదు. డ్రమ్ముల్లో వస్తుంది, ఉత్తరాది నుంచి వస్తుందని అన్నాడు. ఏ ఊరు, ఏ పువ్వు, ఎవరు తీశారు అన్నది ఆ డ్రమ్ము మీద ఉండదట.

మళ్లీ ఆ యాభై మార్కుల కాగితం చూశాం. తేనె ఎక్కడిది, తీసినవాడికి ఎంత ముట్టింది అన్న గడి దానిమీద ఎక్కడా లేదు.

గ్లాసులో తేనె విలువ ఎంత?

ఆ గ్లాసు ధర నాలుగు వందల రూపాయలకు దగ్గరగా ఉంది. తిరుగు రైల్లో కూర్చుని లెక్క వేశాం. ఇలాంటి బీరుకు ఇరవై లీటర్లకు అర కిలో నుంచి కిలో దాకా తేనె పడుతుందని కుర్రాడు చెప్పాడు. అంటే 330 మిల్లీలీటర్ల గ్లాసులో ఎనిమిది నుంచి పదహారు గ్రాముల తేనె. అడవి తేనెకు కేంద్రం 2020లో సవరించి ప్రకటించిన మద్దతు ధర కిలోకు 225 రూపాయలు. ఆ లెక్కన గ్లాసులో తేనె విలువ రెండు రూపాయల నుంచి నాలుగు రూపాయల లోపు.

మిగిలినదంతా ఎవరో దోచుకున్నారని మేము అనడం లేదు. అందులో ఎక్సైజు సుంకం ఉంది, నగరంలో అద్దె ఉంది, యంత్రాలు ఉన్నాయి, మా ఊరి కుర్రాడి జీతం ఉంది. కానీ ఆ గ్లాసును బల్ల మీద అమ్ముడుపోయేలా చేసిన పేరు తేనెది. పలకమీద పెద్ద అక్షరాలతో రాసింది తేనె పేరే. పేరు మనది, వంద రూపాయల్లో మన వాటా ఒక్క రూపాయి లోపే.

వరి రైతులు కూడా ఆ గ్లాసు దగ్గర ఆగాలి. పెద్ద కంపెనీల సీసా బీర్లలో బార్లీతో పాటు నూకలు వాడడం మన దేశంలో మామూలే. బార్లీ రాజస్థాన్, హర్యానాల వైపు నుంచి వస్తుంది, హాప్స్ ఎక్కువగా విదేశాల నుంచి వస్తాయి. నూక మాత్రం మనలాంటి వరి రైతు గింజే. సీసా మీద దాని పేరు ఎవరైనా గర్వంగా రాసుకోవడం చూశారా?

కల్తీ తేనెలోనూ మన గింజే

ఇక్కడ ఇంకో చేదు నిజం ఉంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ బజారులోని తేనెల మీద చేసిన పరీక్షల ఫలితాలు బయటపెట్టింది. 22 నమూనాల్లో అన్ని పరీక్షలూ దాటినవి ఐదే. 77 శాతం నమూనాల్లో చక్కెర పాకం కలిసిందని తేల్చింది. దేశంలో పేరున్న కంపెనీల సరుకు కూడా అందులో ఉంది.

ఆ పాకం దొరక్కుండా ఎలా తప్పించుకుంటుందో రైతుగా మనం తెలుసుకోవాలి. చెరకు, మొక్కజొన్న ఒక జాతి మొక్కలు. అవి గాలిలోని కార్బన్‌ను పీల్చుకునే తీరు వేరు. తేనెటీగలు వాలే పూలమొక్కల్లో చాలావాటి తీరు వేరు. చెరకు పాకం, మొక్కజొన్న పాకం తేనెలో కలిపితే ఆ తేడా పాత పరీక్షలోనే పట్టుబడుతుంది. వరి మాత్రం పూలమొక్కల పద్ధతిలోనే కార్బన్ పీల్చుకుంటుంది. అందుకని బియ్యం నుంచి తీసిన పాకం ఆ పరీక్షకు చిక్కదు. దాన్ని పట్టుకోవాలంటే ఎన్‌ఎంఆర్ లాంటి ఖరీదైన పరీక్షలు కావాలి.

వరి రైతు గింజను పాకంగా మార్చి తేనె రైతు గొంతు కోస్తున్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. కల్తీ పాకం చవక కావడంతో అసలు తేనె ధర పడిపోతుంది. పెట్టెలు పెట్టుకున్న కోనసీమ, కడియం కుర్రాళ్లు రెండేళ్లకే పెట్టెలు అమ్మేసుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

ఇంట్లో చేసుకునే పరీక్షల మీద నమ్మకం పెట్టుకోవద్దు. నీళ్లలో వేస్తే అడుక్కి దిగడం, అగ్గిపుల్ల ముంచి గీస్తే వెలగడం, చీమలు పట్టకపోవడం, ఇవేవీ బియ్యపు పాకాన్ని పట్టవు. గడ్డకట్టిన తేనె కల్తీదన్న మాట కూడా తప్పు. మంచి తేనె చాలా రకాల్లో గడ్డకడుతుంది, వెచ్చటి నీళ్లలో సీసా ఉంచితే కరుగుతుంది.

ఎవరి కన్ను చూస్తే వాడి ధర

మార్కులు వేసే పని ఎంత పెద్దదో మన జిల్లాల రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. ప్రతి ఏడాదీ ధాన్యం కొనుగోలు దగ్గర మనకు మార్కులు వేస్తూనే ఉన్నారు. 2025-26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తా లెక్కన 1,777 రూపాయలు. తేమ 17 శాతం దాటితే ఆ ధర లేదు. తేమ మీటరు ఎవరి చేతిలో ఉంటే మాట వారిది. రైతు సేవా కేంద్రంలో ఒక అంకె, మిల్లు గేటు దగ్గర ఇంకో అంకె వచ్చిన అనుభవం మాలో చాలామందికి ఉంది. గింజను పంటి కింద పెట్టి కొరికి, వచ్చే చప్పుడుతో తేమ చెప్పగల రైతు అక్కడ నోరు మూసుకుని నిలబడాలి. ఆయన పన్నుకు విలువ లేదు, మీటరుకు ఉంది. ఆ మీటరు సరిగా ఉందో లేదో అడగడానికి మనలో ఎందరికి ధైర్యం ఉంది?

బెల్లం సంగతి ఇంకా ఘోరం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. అక్కడ దిమ్మ రంగును బట్టి ధర. తెల్లగా, పచ్చగా మెరిస్తే ఎక్కువ, ముదురు రంగుంటే తక్కువ. నాలుక పని లేదు, కన్నే న్యాయమూర్తి. దాని ఫలితం ఏమైంది? రంగు కోసం రైతులు హైడ్రోస్ పొడి చల్లడం మొదలుపెట్టారు. తినేవాడి ఆరోగ్యం చెడింది, బెల్లం పేరు చెడింది, నింద రైతు మీద పడింది. ఇప్పుడు అదే పట్నంలో మందు వేయని నల్లబెల్లాన్ని రెట్టింపు ధరకు అమ్ముతున్నారు. కొలత తప్పుగా పెడితే పంట కూడా తప్పుగా తయారవుతుందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన రాష్ట్రంలోనే ఉంది. అరకు కాఫీ. కాఫీకి కూడా రుచి చూసి వంద మార్కులకు లెక్క కట్టే పద్ధతి ఉంది. ఎనభై దాటితే ప్రత్యేక కాఫీ కింద లెక్క, ధర వేరు. గిరిజన రైతులు పండ్లు ఎర్రగా పండాకే ఏరడం, ఒడుపుగా కడగడం, ఆరబెట్టడం నేర్చుకున్నారు. ఎందుకంటే ఆ పనికి మార్కులు ఉన్నాయి, మార్కులకు ధర ఉంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు, 2018లో అక్కడి పోటీలో బంగారు పతకం వచ్చింది, 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ అన్ని సమస్యలూ తీరిపోయాయని మేము చెప్పం. కానీ రుచికి కొలత ఉంటే, ఆ కొలత పండించేవాడికి కూడా తెలిస్తే, పంట ఎటు నడుస్తుందో అది చూపించింది.

కొండ తేనె, తాటి నీరా

మరి మన దగ్గర ఏముంది? మన డెల్టాకు ఎగువనే రంపచోడవరం, మారేడుమిల్లి కొండలు ఉన్నాయి. కొండరెడ్లు పెరతేనె తీసే పనిలో తరతరాల నేర్పు ఉన్నవాళ్లు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె కొంటుంది. పట్టును మొత్తం నరికి, పిల్లపురుగులతో సహా చేత్తో పిండితే తేనె త్వరగా పులుస్తుంది, ఈగల జాతీ పోతుంది. పట్టులో తేనె ఉన్న పైభాగం మాత్రమే, అదీ మైనం మూత పడ్డాక కోసి, గుడ్డ మీద ధారగా కారనిస్తే తేనె శుభ్రంగా ఉంటుంది, పట్టు మళ్లీ నిండుతుంది. కోవెల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఈ పద్ధతి నేర్పాయి. కానీ బాగా తీసిన తేనెకూ, పిండిన తేనెకూ ఒకే ధర ఇస్తే కష్టపడి బాగా తీసేదెవరు?

తేనెలో తేమ ఇరవై శాతం మించకూడదని ఆహార భద్రతా ప్రమాణం చెబుతోంది. దాన్ని చూసే చిన్న పరికరం రిఫ్రాక్టోమీటరు. అరచేతిలో పడుతుంది, గ్రామ సంఘం కొనుక్కోగల ధరలోనే ఉంది. తేమ 17 దగ్గర మిల్లరు మీటరు మన మీద పెడుతున్నప్పుడు, తేమ 20 దగ్గర మన పరికరం మన చేతిలో ఉండకూడదా?

డెల్టాలో కొబ్బరి చెట్టుకు దాదాపు నెలకో గెల పూస్తుంది, కాబట్టి తేనెటీగకు ఏడాది పొడుగునా మేత ఉంటుంది. వరి పువ్వుకు ఈగ అవసరం లేదు, కానీ వరి మీద మనం కొట్టే మందుకు ఈగ చస్తుంది. గట్టు మీద కొబ్బరి, పక్క చేలో నువ్వులు పూతలో ఉన్నప్పుడు పొద్దున్న పూట మందు కొట్టకండి. తప్పనిసరైతే సూర్యుడు దిగాక కొట్టండి. ఇది పక్క రైతుకు మనం చేసే మర్యాద.

ఇక తాడిచెట్టు. ఊరికి తిరిగొచ్చాక మా గీత పెద్దాయన మమ్మల్ని తెల్లవారుజామున చెట్టు కిందికి పిలిచాడు. సున్నం పూసిన కుండలో దిగిన నీరా ఒక ముంత, సున్నం లేని కుండలోది ఒక ముంత, నిన్నటిది ఒక ముంత. యాభై మార్కుల కాగితం తెలుగులో రాసుకుని వెళ్లాం. అక్కయ్య ఈసారి నీరా తాగింది, అది మత్తు లేని తీపి నీరు కాబట్టి. పోతుతాడి నీరాకూ పండుతాడి నీరాకూ వాసనలో తేడా ఆమే మొదట పట్టింది. పెద్దాయన కళ్లు మూసుకుని ఏది ఏ చెట్టుదో చెప్పాడు. మూడింట్లో ఒక్కటీ తప్పలేదు.

ఆ మనిషి చెట్టు మీద నుంచి జారితే ఏ మార్కులూ కాపాడవు. అయినా ఆయన సరుకుకు ఊళ్లో మంచినీళ్ల ధర. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో ప్రభుత్వమే నీరా కేఫ్ తెరిచింది. మన పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో నీరా నిల్వ మీద, తాటి బెల్లం మీద, తేగల పిండి మీద ఏళ్లుగా పని జరుగుతోంది. తాడిచెట్లు మాత్రం గట్ల మీద నరికి ఇటుక బట్టీలకు పోతున్నాయి. మన రాష్ట్రంలో మద్యం దుకాణాల్లో పది శాతం గీత కులాలకు కేటాయించారు. అంటే తన చెట్టు సరుకు వదిలి, కంపెనీ సీసా అమ్ముకోమని గీత కార్మికుడికి చెప్పినట్టు. అది ఆదాయమే, కాదనం. కానీ గీత వృత్తిని కాపాడినట్టు కాదు.

సభ్యులు అడిగే ప్రశ్నలు

ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు మా సంఘంలోనే రెండు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది: రుచి, మార్కులు అనేవి డబ్బున్నవాళ్ల ముచ్చట్లు, మనకు గిట్టుబాటు ధర ముఖ్యం. దీనికి మా జవాబు, ధర ఎక్కడో ఒక చోట ఒక కొలతను బట్టే తేలుతుంది. ఆ కొలతను మనం వదిలేస్తే అవతలివాడు పట్టుకుంటాడు. మద్దతు ధర కోసం పోరాడుతూనే కొలత కోసం కూడా పోరాడాలి.

రెండోది అక్కయ్య అడిగింది. "కల్లు, బీరు అంటూ మొదలుపెడితే రేపు దాన్ని పట్టుకుని ఊరూరా దుకాణం పెడతారు. అప్పుడు ఎవరు ఆపుతారు?" ఈ ప్రశ్నకు మా దగ్గర తేలిక జవాబు లేదు. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెం వరుస మరణాలు గుర్తున్నాయి. నాటుసారా వల్లేనని కొందరు, కాదని ప్రభుత్వం వాదించుకుంటుండగానే ఇళ్లు కూలిపోయాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కాబట్టి మా వైఖరి స్పష్టంగా చెబుతున్నాం. సంఘం మత్తు పానీయాల వ్యాపారాన్ని కోరదు. నీరా, తాటి బెల్లం, తేనె, ఈ మూడింటి మీద మన హక్కు కోరుతుంది. ఎవరైనా మన తేనెతో, మన నూకతో పానీయం చేసి అమ్ముకుంటుంటే, అందులో మన పేరు, మన వాటా ఎంతో అడుగుతుంది. మన పంటను కొని పేరు పెట్టుకున్నవాడిని లెక్క అడగడానికి మనం తాగేవాళ్లం కానక్కర్లేదు. గ్లాసు ముట్టని అక్కయ్యే ఆ రోజు అసలైన ప్రశ్న అడిగింది.

మా కోరికలు

ఒకటి. తేనె పేరుతో అమ్మే ఏ ఆహారమైనా, పానీయమైనా అందులో తేనె ఎంత శాతం, ఏ ప్రాంతానిది అన్నది కొనేవాడికి కనిపించేలా రాయాలి. సీసా మీదా రాయాలి, హోటలు పలకమీదా రాయాలి.

రెండు. ఎన్‌ఎంఆర్ దాకా కాకపోయినా, తేనె నాణ్యత పరీక్షించే ప్రయోగశాల గోదావరి జిల్లాల్లో ఒకటి కావాలి. 2020 జూలైలో గుజరాత్‌లోని ఆనంద్‌లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ తేనె పరీక్షాకేంద్రం ప్రారంభమైంది. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె పథకానికి ఐదు వందల కోట్లు ప్రకటించారు. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం మన మధ్యనే ఉంది. అక్కడ పెట్టడానికి అడ్డేమిటి?

మూడు. గిరిజన సహకార సంస్థ తేనె కొనేటప్పుడు నాణ్యతను బట్టి కనీసం రెండు ధరలు ఇవ్వాలి. తేమ చూసే పరికరం కొనే చోట అందరికీ కనిపించేలా పెట్టాలి. తేనె తెచ్చినవారు స్వయంగా చూసుకునే హక్కు ఉండాలి. ధాన్యం తేమ మీటరుకు కూడా ఇదే వర్తింపజేయాలి.

నాలుగు. నీరా తీసే, చల్లబరిచే, అమ్మే అనుమతి గీత కార్మికుల సహకార సంఘాలకే ఇవ్వాలి. కంపెనీలకు ఇస్తే రెండేళ్లలో గీత కార్మికుడు కూలివాడవుతాడు.

ఐదు. ఇది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మనల్ని మనం అడుక్కునేది. మన ఊళ్లలో నాలుక, ముక్కు బాగా తెలిసిన పెద్దవాళ్లు ఉన్నారు. గింజ కొరికి చెప్పేవాళ్లు, బెల్లం పాకం వేలితో చూసి చెప్పేవాళ్లు, చెట్టును బట్టి నీరా రుచి చెప్పేవాళ్లు. వాళ్లు పోకముందే ఆ విద్యను కాగితం మీదికి ఎక్కించాలి.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ శాఖ నుంచి ఒక చిన్న సీసా తేనె తెండి. ఏ ఊరు, ఏ పువ్వు, ఎప్పుడు తీశారు, కిలో ఎంతకు అమ్మారు, ఈ నాలుగూ కాగితం మీద రాసి సీసాకు అంటించండి. కొన్నది కాదు, మీరో మీ పక్కవారో తీసిందే తెండి. అందరం కలిసి రుచి చూసి మార్కులు వేద్దాం. మా యాభై మార్కుల కాగితంలో ఆ పట్నం కాగితంలో లేని గడి ఒకటి చేర్చాం: తీసినవాడికి ఎంత ముట్టింది? దానికి పది మార్కులు. రుచికి ఎన్ని మార్కులు వచ్చినా, ఆ గడిలో సున్నా వస్తే ఆ సీసా మా లెక్కలో తప్పినట్టే.

నీరా తేవాలనుకునే గీత సోదరులు ఏడు గంటల లోపు రండి. ఎండెక్కితే అది మన చేతిలో ఉండదు.